బండి నంబరు పట్టుకుని నా ఇల్లు కనుక్కున్నారు

విశాఖపట్నం నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు, బడి పేరు బయటపెట్టవద్దని ఆమె కోరారు కనుక, గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసివేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఏడాదిన్నర క్రితం గాజువాకలోని అత్తవారింటి నుంచి ఎనిమిదేళ్ల కూతురితో బయటికి వచ్చారు. కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి, తర్వాత మధురవాడ వైపు ఒక అపార్టుమెంటులో అద్దెకు చేరారు. విడాకుల కేసు నడుస్తోంది. భర్తకు తెలియకూడదని కోర్టు కాగితాల్లో పుట్టింటి చిరునామానే ఇచ్చారు. కొత్తగా కొనుక్కున్న స్కూటరును మాత్రం అద్దె ఇంటి చిరునామాతో రిజిస్టరు చేయించారు. నాలుగు నెలల క్రితం జగదాంబ దగ్గర సిగ్నలు పడినప్పుడు భర్త ఆమెను చూసి, బండి వెనక భాగాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నారు. వారం తిరగకముందే ఆయన అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడి కనిపించారు. ఆ తర్వాత మళ్లీ వచ్చి, పాప స్కూలు బస్సు ఎన్నింటికి వస్తుందని వాచ్‌మన్‌ను అడిగారు. పెద్దమనుషుల సమక్షంలో మాటలు జరిగినప్పుడు భర్త తరఫు బంధువు ఒకాయన, "బండి నంబరు ఉంటే ఇల్లు దొరకదా అమ్మా, మనవాడు డిపార్టుమెంటులోనే ఉన్నాడు కదా" అన్నారు.

ఆ "మనవాడు" భర్త చిన్నాన్నగారి అబ్బాయి, ఈమెకు మరిది వరస, నగరంలోనే కానిస్టేబులు. అతని భార్య, అంటే ఈమెకు తోటికోడలు, ఇల్లు విడిచిన రాత్రి ఈమెనూ పాపనూ ఆటో ఎక్కించి, చేతిలో డబ్బు పెట్టి పంపిన మనిషి. ఇది చాలదన్నట్టు గత నెల హనుమంతవాక దగ్గర వాహనాల తనిఖీలో పోలీసులు ఈమె బండి నంబరు ఫోటో తీశారు. అప్పటి నుంచి రోడ్డు మీద ప్రతి కెమెరా తననే చూస్తున్నట్టు అనిపిస్తోందని రాశారు. ఆమె అడిగినవి ఇవి: పోలీసులు ఒక నంబరు వెతికితే ఆ సంగతి ఎక్కడైనా నమోదవుతుందా? ఆ నమోదును తాను చూడగలరా? ఫిర్యాదు చేస్తే తోటికోడలి సంసారం ఏమవుతుంది? బండి అమ్మేసి, ఇల్లు మారిపోవడమే మేలా?

అమ్మా, అన్నిటికంటే ముందు మీరు ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయం గురించి చెప్పాలి. పాప బస్సు వేళ అడిగారన్న మాట నన్ను కలవరపెట్టింది. చిరునామా ఎలా బయటపడిందో తేల్చడానికి కొంత సమయం పడుతుంది, పాప భద్రత అంతకాలం ఆగకూడదు. బడి ప్రధానోపాధ్యాయులకు, బస్సు ఆయాకు, వాచ్‌మన్‌కు ఈరోజే విషయం చెప్పి, మీరు రాసిచ్చిన వారికి తప్ప ఎవరికీ పాపను అప్పగించవద్దని లిఖితపూర్వకంగా కోరండి. గేటు దగ్గర సీసీ కెమెరా ఉంటే, ఆయన వచ్చిన రోజుల దృశ్యాలు చెరిగిపోకముందే ఒక ప్రతి తీయించుకోండి. ఆయన గేటు దగ్గరకు వచ్చిన వెంటనే 112కు ఫోను చేయండి. ఆ ఫోను వల్ల సహాయం రావడంతోపాటు, ఆయన వచ్చిన తేదీ, వేళ ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి.

ఇక నమోదుల సంగతి. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు రికార్డులు కలిసిపోయాయి, మీ భయం సగం అందువల్లే పెరిగిందని నాకు అనిపిస్తోంది. మొదటిది బండి గురించిన రికార్డు. కూడళ్లలోని కెమెరాలు నంబరు పలకను చదివి, ఏ బండి ఏ వేళకు ఎక్కడ ఉందో రాసుకుంటాయి, తనిఖీలో ఫోటో తీస్తే అది ఈ-చలాన్ వ్యవస్థలోకి వెళుతుంది. రెండవది వెతికినవారి గురించిన రికార్డు. దేశంలోని వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖకు చెందిన "వాహన్" పట్టికలో ఉంటాయి, దానిని జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రం తయారుచేసింది. పోలీసు సిబ్బంది తమకు కేటాయించిన యూజర్ ఐడీ, పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి నంబరు కొడితే వివరాలు వస్తాయి, ఏ ఐడీతో ఏ తేదీన ఏ వేళకు ఏ నంబరు అడిగారన్నది వ్యవస్థ వెనకాల లాగ్‌గా మిగలాలి. మొదటి రికార్డు మీ కదలికలను చెబుతుంది. రెండవది అధికారం చేతిలో ఉన్నవారు ఆ అధికారాన్ని ఎలా వాడారో చెబుతుంది. మీకు కావలసింది రెండవది.

హనుమంతవాక తనిఖీ మీ భర్త ఇంటికి వచ్చిన తర్వాత జరిగింది కనుక, చిరునామా బయటపడటానికి అది కారణం కాదు. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి బండి ఆపి లైసెన్సు, రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడిగే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 130, 158 సెక్షన్లు ఇస్తాయి, డిజిలాకర్‌లోని ప్రతి చూపినా చెల్లుతుంది. ఎలక్ట్రానిక్ పరికరం తీసిన ఆధారం మీద చలానా రాస్తే, 2021లో వచ్చిన 167ఎ నిబంధన ప్రకారం పదిహేను రోజుల్లో నోటీసు పంపాలి, చలానా పరిష్కారమయ్యే వరకు ఆ రికార్డును ఉంచాలి. ఈ-చలాన్ వెబ్‌సైటులో మీ నంబరు కొట్టి చూడండి. ఏమీ లేకపోతే ఆ విషయాన్ని మనసులోంచి తీసేయవచ్చు.

మీ మరిదే వెతికాడా అన్నది ఇంకా తేలని విషయం. బంధువుగారి మాట గట్టి సూచనే, కానీ రుజువు కాదు. ఎవరైనా వాడగలిగే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే యజమాని పేరులోని కొన్ని అక్షరాలు కనబడకుండా వస్తాయి, ఇంటి చిరునామా రాదు. అందువల్ల ఆ దారిలో ఇల్లు తెలిసే వీలు లేదు. అయితే మీ చిరునామా బీమా కంపెనీ దగ్గర ఉంది, షోరూములో ఉంది, రవాణా కార్యాలయంలో ఉంది. వాహన్ సమాచారాన్ని డబ్బు తీసుకుని ప్రైవేటు సంస్థలకు మూకుమ్మడిగా ఇచ్చే విధానం 2019లో కేంద్రమే తెచ్చి, గోప్యత సమస్య వల్ల 2020లో రద్దు చేసింది, అప్పటికే వెళ్లిన సమాచారం వెనక్కి రాదు. మీ బండి ఆ తర్వాత కొన్నదే అయినా, ఈ వివరాలు పోలీసుల దగ్గరే భద్రంగా ఉంటాయని అనుకోకూడదని చెప్పడానికి దీన్ని ప్రస్తావించాను. వీటన్నిటికంటే సులువైన దారి కూడా ఒకటి ఉంది. జగదాంబ నుంచి ఆయన మిమ్మల్ని వెంబడించి ఉండవచ్చు.

అందుకే లాగ్ చూడడం మీకు ఎంత అవసరమో మీ మరిదికీ అంతే అవసరం. ఆ వారంలో ఎవరూ మీ నంబరు వెతకలేదని తేలితే, బంధువు గొప్ప కోసం అన్న మాట వల్ల అతని మీద పడిన అనుమానం పోతుంది. వెతికినట్టు తేలితే, మీరు ఎవరి మీదా నింద వేయకుండానే నిజం బయటికి వస్తుంది.

ఇక్కడ గడువు సంగతి చాలా ముఖ్యం. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను కనీసం 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు ఇచ్చింది, అవి ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి. ఆ గడువు దాటిన తర్వాత ఉంచాలన్న బాధ్యత ఆ ఆదేశాల్లో లేదు. మీ విషయంలో నాలుగు నెలలు గడిచిపోయాయి, అంటే చేతిలో ఉన్నది సుమారు రెండు నెలలు. ఫిర్యాదు చేయాలా వద్దా, కేసు పెట్టాలా వద్దా అన్నవి తర్వాత నిదానంగా తేల్చుకోవచ్చు. లాగ్ చెరిపివేయకుండా ఉంచమని కోరడం మాత్రం ఈ వారమే జరగాలి. ఈ ఒక్క విషయంలో నేను మీకు ఎంపిక ఇవ్వడం లేదు, ఎందుకంటే ఇది జారిపోతే మిగిలిన దారులన్నీ బలహీనపడతాయి.

ఆ ఉత్తరం నగర పోలీసు కమిషనర్‌గారి పేరిట ఒక పేజీకి మించకుండా రాయండి. మీ బండి నంబరు, జగదాంబలో ఫోటో తీసిన తేదీ, భర్త మొదటిసారి గేటు దగ్గర కనిపించిన తేదీ ఇవ్వండి. ఆ రెండు తేదీల మధ్య పోలీసుల ఈ-చలాన్ పరికరాలు, ఇతర లాగిన్ల ద్వారా ఆ నంబరు మీద జరిగిన అన్వేషణల లాగ్‌ను, ఆ రోజుల డ్యూటీ రికార్డులను భద్రపరచి, విచారణ జరిపించమని కోరండి. మరిది పేరు రాయనవసరం లేదు. పేరు రాస్తే అది ఒక వ్యక్తి మీద ఆరోపణ అవుతుంది, రాయకపోతే ఒక వాస్తవం తేల్చమన్న అభ్యర్థనగా ఉంటుంది. కానీ పేరు దాచడంలోనూ ఒక చిక్కు ఉంది. ఆ కాగితం తిరిగి తిరిగి అతను పనిచేసే స్టేషనుకే చేరవచ్చు. కాబట్టి, "నా భర్త బంధువు ఒకరు ఈ శాఖలో ఉన్నారు కనుక, విచారణను స్టేషను స్థాయికి పంపకుండా ఏసీపీ స్థాయికి తగ్గని అధికారికి అప్పగించగలరు" అన్న వాక్యం చేర్చండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో స్వయంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అదే ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. వాహన్ పట్టిక కేంద్ర మంత్రిత్వశాఖది కనుక వారికీ ఇలాంటి ఉత్తరమే ఒకటి పంపడం మంచిది.

లాగ్‌ను మీరు చూడగలరా అన్న ప్రశ్నకు, నేరుగా చూసే వీలు లేదు, అడిగే హక్కు ఉంది అని చెప్పాలి. సమాచార హక్కు చట్టం కింద కమిషనరేట్ పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఒక వ్యక్తి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే నలభై ఎనిమిది గంటల్లోనే ఇవ్వాలి. పాప బస్సు వేళ వాకబు చేసిన సంగతి రాసి, ఆ నిబంధనను ప్రస్తావించండి. అయితే ఈ దారిలో అధికారి పేరు వస్తుందని గట్టిగా ఆశించకండి. దర్యాప్తుకు ఆటంకమని ఆ చట్టం 8(1)(హెచ్) సెక్షనును, వ్యక్తిగత సమాచారమని 8(1)(జె) సెక్షనును చూపి నిరాకరించవచ్చు. ఈ రెండవ మినహాయింపు 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సవరణతో ఇంకా విస్తృతమైంది. అందుకే పేరు అడగకుండా, ఆ తేదీల మధ్య నా బండి నంబరును ఎన్నిసార్లు వెతికారు, ఏయే తేదీల్లో, ఏ వేళల్లో, ఏ హోదా గల వారు, లాగ్‌లను ఎంతకాలం ఉంచుతారు అని అడగండి. ఇవ్వగలిగిన భాగాన్ని విడదీసి ఇవ్వాలని 10వ సెక్షను చెబుతోంది. తిరస్కరిస్తే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన రాష్ట్ర సమాచార కమిషన్‌కు తొంభై రోజుల్లో రెండవ అప్పీలు ఉన్నాయి. ఇంత దూరం వెళ్లేసరికి నెలలు గడుస్తాయి, అందుకే ఈ దరఖాస్తు ఒక్కటే పెట్టి ఎదురుచూడవద్దు. దరఖాస్తు కార్యాలయంలో పది చేతులు మారుతుందనీ, ఆ కబురు మీ మరిది చెవిన పడవచ్చనీ కూడా ముందే అనుకోండి.

లాగ్ దొరికిందనే అనుకుందాం. ఎవరు, ఎప్పుడు అన్నది అది చెబుతుంది, ఎందుకు అన్నది చెప్పదు. బ్రిటన్‌లో పోలీసు జాతీయ కంప్యూటర్‌లో ఒక బండి నంబరు వెతికేవారు కారణాన్ని కూడా నమోదు చేయవలసి ఉంటుంది, తర్వాత తనిఖీ చేసేవారు ఆ కారణాన్నే ప్రశ్నిస్తారు. మన దగ్గర వెతికిన మనిషి, "అనుమానంగా కనిపించింది, చూశాను" అనేస్తే ఆ జవాబును వేరే కాగితాలతో సరిచూడాలి. మీ బండి ఆ వేళ బడి ఆవరణలో ఉండగా, వెతికిన కానిస్టేబులు నగరం అవతలి చివర డ్యూటీలో ఉంటే, లేదా ఆ రోజు సెలవులో ఉంటే, అనుమానంగా కనిపించిన బండి ఏదన్న ప్రశ్న వస్తుంది. డ్యూటీ రికార్డులను కూడా భద్రపరచమని అడగమన్నది ఇందుకే. మీ బడి హాజరు పట్టీలో ఆ వారం మీ సంతకాల ప్రతులు తీసి పెట్టుకోండి. ఒకరి లాగిన్ మీద మరొకరు పనిచేసే అలవాటు ఉన్నచోట లాగ్‌లో కనిపించే పేరు అసలు వెతికిన మనిషిది కాకపోవచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. పేరు మీ చేతికి వచ్చినా వెంటనే తీర్పు చెప్పవద్దు.

చట్టం దృష్టిలో ఇది ఏ నేరం అని మీ న్యాయవాదితో మాట్లాడేటప్పుడు ఒక అమెరికా కేసు గుర్తుంచుకోవడం మంచిది. జార్జియా రాష్ట్రంలో వాన్ బ్యూరెన్ అనే పోలీసు సార్జెంటు డబ్బు కోసం ఒక మహిళ బండి నంబరును పోలీసు పట్టికలో వెతికాడు. కంప్యూటర్ మోసాల చట్టం కింద అతనికి శిక్ష పడింది. కానీ 2021 జూన్ 3న అమెరికా సుప్రీంకోర్టు, ఆ పట్టికను తెరిచే అనుమతి అతనికి ఉంది కనుక, దురుద్దేశంతో తెరిచినా అది ఆ చట్టం కిందకు రాదని 6-3 మెజారిటీతో తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. అయినా మన ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు కూడా అనుమతి లేకుండా ప్రవేశించడం చుట్టూ తిరుగుతాయి కనుక, అదే వాదన ఇక్కడా వినిపించవచ్చు. అందువల్ల ఫిర్యాదు భారమంతా కంప్యూటర్ నేరం మీద పెట్టకుండా, విధి పేరిట దొరికిన సమాచారాన్ని సొంత మనుషులకు ఇచ్చిన దుర్వినియోగం మీద పెట్టడం బలంగా ఉంటుంది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. చట్టసమ్మతమైన ప్రయోజనం లేకుండా ఒక పౌరురాలి ఇల్లు వెతికి పట్టుకోవడాన్ని ఆ తీర్పు తర్వాత సమర్థించడం కష్టం.

మీ భర్త మీద చర్య వేరే విషయం. దానికి లాగ్ కోసం ఆగనక్కరలేదు. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటును రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. ఆయన మీ ఇంటికి, బడికి, పాప బడికి రాకుండా, మీతో మాట్లాడే ప్రయత్నం చేయకుండా ఆ ఉత్తర్వు నిలువరిస్తుంది, ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, ఇరవై వేల వరకు జరిమానా ఉన్నాయి. వద్దన్నా వెంబడిస్తూ పలకరించే ప్రయత్నం చేయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద నేరమే. కానీ భార్యాభర్తల మధ్య కేసు నడుస్తున్నప్పుడు పోలీసులు దీనిని కుటుంబ వివాదంగా చూసి పక్కన పెట్టే అవకాశం ఎక్కువ, పెద్దమనుషుల మాటలు కూడా అక్కడితో తెగిపోవచ్చు. నా అభిప్రాయంలో ముందు రక్షణ ఉత్తర్వు, అది ఫలించకపోతే క్రిమినల్ కేసు అన్న వరస మీకు అనుకూలం. మీ న్యాయవాది వేరేలా చెబితే కారణం అడిగి తెలుసుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. లాగ్ చూపమని పోలీసులను ఆదేశించే అధికారం కోర్టుకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షను కింద ఉంది కనుక, న్యాయవాది ద్వారా ఆ కోరిక కూడా పెట్టించవచ్చు.

బండి అమ్మడం వల్ల మీకు ఒరిగేది లేదు. చిరునామా ఇప్పటికే తెలిసిపోయింది, రేపు కొనే బండికీ చిరునామా కావాలి. ఇల్లు మారితే ముప్పై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి కాబట్టి, వెతికిన దారి మూసుకోకుండా ఇల్లు మారడం అంటే అదే దారిలో మళ్లీ దొరికిపోవడం. నంబరు పలక మీద ముసుగు వేయడం, అంకెలు చెరపడం లాంటి ఆలోచన ఎవరైనా చెబితే వినవద్దు. అది నేరం, పైగా మీ ఫిర్యాదును అదే దెబ్బతీస్తుంది.

మీ ఉత్తరంలో ఎక్కువ బాధ కనిపించింది తోటికోడలి దగ్గర. ముందు ఆమెతో మాట్లాడి విషయం ఇంట్లోనే సర్దుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తోంది. ఆ మాట కాదనను. కొన్నిసార్లు ఒక మనిషి, "వదినా, నేనే చూశాను, తప్పు జరిగింది, ఇక జరగదు" అంటే కోర్టులు ఇవ్వలేనిది దొరుకుతుంది. కానీ ఆ మాటలు ముందు జరిగితే, అతను నిజంగా వెతికి ఉన్నా జవాబు సిద్ధం చేసుకుంటాడు, అడిగినది మీరేనని మీ భర్తకు ఆ సాయంత్రానికే తెలుస్తుంది, ఆమె తన భర్తకూ మీకూ మధ్య నలిగిపోతుంది. విచారణలో తేలితే అతనికి శాఖాపరమైన చర్య, బహుశా సస్పెన్షన్ రావచ్చు, ఆ ఇంటి ఆదాయం దెబ్బతినవచ్చు. ఆ బరువు మీ మీద వేసుకోకండి. నంబరు వెతికి ఇచ్చి ఉంటే, ఆ ఇంటిని ఆ స్థితికి తెచ్చింది ఆ పని చేసినవారు.

కాబట్టి భద్రపరచమన్న ఉత్తరానికి రసీదు చేతికి వచ్చిన తర్వాతే ఆమెను కలవండి. ఫోనులో వద్దు, సందేశాలు వద్దు, మరెవరూ లేనిచోట కలవండి. ఆమె భర్త గురించి ఏమీ అడగకండి, ఆమెను సాక్షిగా రమ్మని కోరకండి. ఎవరి పేరూ రాయకుండా ఒక విచారణ కోరానని, ఇది పాప కోసమని, ఆ రాత్రి ఆమె చేసిన మేలు మరచిపోలేదని చెప్పండి. ఆ తర్వాత ఆమె ఏమైనా చెప్పాలనుకుంటే వినండి, చెప్పకపోతే అలాగే వదిలేయండి.